తలుపు తట్టింది ఎవరు?

మీ ఇంటికి ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చిందనుకోండి. కింద సంతకం లేదు. పంపినవారి పేరు ఉండవలసిన చోట ఏదో దొంగపేరు రాసి ఉంది. అయినా ఆ ఉత్తరాన్ని రేపల్లెలో పోస్టు చేశారని మీరు ఇట్టే చెప్పేస్తారు. ఎలాగంటే, తపాలా బిళ్ల మీద రేపల్లె పోస్టాఫీసు ముద్ర ఉంది. రాసినవాడు తన పేరు దాచుకోగలడు గాని, పోస్టాఫీసు వేసే ముద్రను దాచలేడు.

సరే, ఆ ముద్ర మనకు ఎంతవరకు చెబుతుంది? ఊరు చెబుతుంది, తేదీ చెబుతుంది. ఏ వీధో, ఏ మనిషో చెప్పదు. అసలు రాసినవాడు రేపల్లె వాడేనని కూడా చెప్పదు. బాపట్ల మనిషి ఏదో పని మీద రేపల్లె వచ్చి, అక్కడి డబ్బాలో వేసి తిరుగు బస్సు ఎక్కి ఉండవచ్చు కదా!

ఇంటర్నెట్టులో వచ్చే చెత్త ఉత్తరాలను, అంటే స్పామ్‌ను, పాస్‌వర్డులు ఊహించి కంప్యూటర్లలో చొరబడాలని చూసే హ్యాకర్లను పట్టుకునే పనిలో ఉన్న చిక్కంతా ఇదే. అక్కడా ఒక ముద్ర పడుతుంది. దాని పేరు ఐ.పి. అడ్రసు. అది ఎంత చెబుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలియక తొందరపడితే దొంగ తప్పించుకోవడమే కాదు, ఏ పాపం ఎరగనివాడు జైలుకు కూడా పోతాడు. అలా నిజంగానే జరిగింది. ఆ సంగతి తర్వాత చెప్పుకుందాం.

522 సంగతి

తెనాలి పిన్ కోడ్ 522201. బాపట్లది 522101. రేపల్లెది 522265. మూడింటిలోనూ మొదటి మూడంకెలు ఒకటే. 1972 ఆగస్టు 15న మన దేశంలో పిన్ కోడ్ వచ్చినప్పుడు చేసిన ఏర్పాటు ఇది. మొదటి అంకె పెద్ద ప్రాంతాన్ని చెబుతుంది. తర్వాతి అంకెలు దానిని చిన్నది చేసుకుంటూ వస్తాయి. చివరి మూడూ ఒక్క పోస్టాఫీసును చూపుతాయి. ఎక్కడో కాశ్మీరులో ఉత్తరాలు వేరు చేసే గుమాస్తాకు రేపల్లె ఎక్కడుందో తెలియనక్కరలేదు. మొదటి అంకెలు చూసి సరైన సంచిలో వేస్తే చాలు.

ఐ.పి. అడ్రసు కూడా ఇలాంటిదే. 203.0.113.45 అనే సంఖ్య చూడండి. (కంగారు పడకండి, ఇది ఎవరిదీ కాదు. పాఠాలలో ఉదాహరణ కోసమే ఈ వరుసను కేటాయించి పెట్టారు.) నాలుగు భాగాలు, ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు. ఎడమవైపు అంకెలు నెట్‌వర్కును చెబుతాయి, కుడివైపువి అందులోని ఒక యంత్రాన్ని చెబుతాయి. ఇలాంటివి మొత్తం ఎన్ని వస్తాయో లెక్క కట్టండి: 256ను నాలుగు సార్లు వేసి గుణిస్తే 4,29,49,67,296. నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల చిల్లర. ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. అంటే మనిషికి ఒకటి చొప్పున కూడా చాలవు! అందుకే 128 బిట్ల కొత్త రకం అడ్రసులు వచ్చాయి. పాతవీ వాడుకలోనే ఉన్నాయి. సెల్‌ఫోన్ కంపెనీలయితే ఒక్క పాత అడ్రసును వందలమందికి ఒకేసారి పంచుతాయి. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో పని ఉంది.

ఈ అడ్రసులను ఎవరికి వారు పెట్టుకోరు. ఆసియా, పసిఫిక్ దేశాలకు పంచే సంస్థ ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో ఉంది. దాని పేరు ఆప్నిక్. మన దేశంలో ఆ పని కోసం 2012లో ఐరిన్ అనే విభాగం ఏర్పడింది. ఏ వరుసను ఏ కంపెనీకి ఇచ్చారో, ఆ కంపెనీకి ఫిర్యాదు ఎక్కడికి పంపాలో వాళ్ల పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం బహిరంగం, ఎవరైనా చూడవచ్చు. కాని అందులో కంపెనీ పేరు ఉంటుందే గాని మీ పేరో, నా పేరో ఉండదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలో చేరాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. 522 మాత్రం చెక్కు చెదరలేదు. తపాలా వారి లెక్క వేరు, రెవెన్యూ వారి లెక్క వేరు. ఐ.పి. అడ్రసును బట్టి ఊరు చెప్పే పట్టికలలోనూ ఇదే తంటా. అమెరికాలో ఒక కంపెనీ ఇలాంటి పట్టిక తయారు చేసింది. దేశం తెలిసి ఊరు తెలియని అడ్రసులన్నిటికీ దేశం నడిమధ్యన ఒక బిందువును గుర్తుగా పెట్టింది. ఆ బిందువు కాన్సాస్ రాష్ట్రంలో పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక పొలంలో పడింది! 60 కోట్ల అడ్రసులు ఆ ఒక్క పొలాన్నే చూపించాయి. దొంగ సొత్తు కోసం, తప్పిపోయిన వారి కోసం, మోసగాళ్ల కోసం పోలీసులు, జనం ఏళ్ల తరబడి ఆ ఇంటి తలుపు కొట్టారు. అక్కడి వాళ్లకు ఎందుకో అర్థం కాలేదు. 2016లో సంగతి పత్రికలకెక్కాక కంపెనీ ఆ బిందువును ఒక చెరువులోకి మార్చింది. చేపలను ఎవరూ విచారించరు కదా!

ముద్రను ఎందుకు దాచలేరు?

మెయిల్‌లో పంపినవారి పేరు ఏదైనా రాసుకోవచ్చు. కలెక్టరు గారని రాసుకున్నా ఆపేవారు లేరు. మరి ఐ.పి. అడ్రసు కూడా అబద్ధం రాసుకోవచ్చు గదా అంటారేమో. పూర్తిగా కుదరదు. రెండు యంత్రాలు మాట్లాడుకునే ముందు మూడు పలకరింపులు జరగాలి. "ఉన్నావా?" అని ఒకటి అడుగుతుంది. "ఉన్నాను, నా మాట వినబడిందా?" అని రెండోది బదులిస్తుంది. "వినబడింది" అని మొదటిది చెప్పాకే అసలు సంభాషణ మొదలవుతుంది. రిజిస్టరు ఉత్తరానికి రసీదు కార్డు తిరిగి వచ్చేది చూడండి, అలాంటిదే ఇది. తప్పుడు చిరునామా రాస్తే కార్డు ఇంకెక్కడికో పోతుంది. పలకరింపు పూర్తి కాదు, మాటా మొదలు కాదు.

కనుక మన సర్వరుతో నిజంగా మాట్లాడిన యంత్రం అడ్రసు మన సర్వరుకు తెలిసి తీరుతుంది. దానిని సర్వరు గంట, నిమిషం, సెకనులతో సహా ఒక పుస్తకంలో రాసుకుంటుంది. దీనిని లాగ్ అంటారు. కిరాణా కొట్టు చిట్టా వంటిదే.

మెయిల్ దారిలో ఎన్ని సర్వర్లు దాటితే అన్ని ముద్రలు పడతాయి, ఒకదాని పైన ఒకటి. వాటిలో మీ సొంత సర్వరు వేసిన పై ముద్రను గట్టిగా నమ్మవచ్చు. కిందివి పంపినవాడు ముందే దొంగముద్రలు వేసి పెట్టినవి కావచ్చు.

మూడూళ్ల లెక్క

ఇప్పుడొక లెక్క చేద్దాం. నాలుగంకెల రహస్య సంఖ్య ఉందనుకోండి. 0000 నుంచి 9999 వరకు మొత్తం 10,000 సంఖ్యలు. సెకనుకు ఒకటి చొప్పున యంత్రంతో ప్రయత్నిస్తే 2 గంటల 46 నిమిషాల 40 సెకన్లలో అన్నీ అయిపోతాయి. తలుపు తెరుచుకుంటుంది.

అందుకని సర్వరు యజమాని ఒక నియమం పెట్టాడు: ఒకే అడ్రసు నుంచి 5 తప్పులు వస్తే 10 నిమిషాలు ఆ అడ్రసుతో మాట్లాడకూడదు. ఇప్పుడు 10,000 ప్రయత్నాలకు 2,000 విడతలు కావాలి. విడతకు 10 నిమిషాలు. మొత్తం 20,000 నిమిషాలు, అంటే దాదాపు 14 రోజులు! ఇంత చిన్న నియమం దొంగ పనిని దాదాపు మూడు గంటల నుంచి రెండు వారాలకు నెట్టింది.

దొంగ తెలివితక్కువవాడేం కాదు. తన చేతిలో వెయ్యి యంత్రాలు, వెయ్యి అడ్రసులు ఉంటే? ఒక్కొక్కటి 5 సార్లు ప్రయత్నిస్తే మొదటి విడతలోనే 5,000 అయిపోతాయి. పది నిమిషాలు ఆగి మరో విడత. పని పూర్తి. కష్టపడి కట్టిన గోడ ఇలా కూలుతుంది.

సరిగ్గా ఇక్కడే ఇరుగుపొరుగు సాయం కావలసి వస్తుంది. తెనాలిలో ఒక కాలేజీ సర్వరు, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి ఉన్నాయనుకుందాం. ఒక అడ్రసు మూడింటి దగ్గరా రెండేసి సార్లు తప్పు పాస్‌వర్డు కొట్టింది. తెనాలి వారు చూసి "ఎవరో విద్యార్థి మరిచిపోయి ఉంటాడు" అనుకుంటారు. బాపట్ల వారూ, రేపల్లె వారూ అంతే. రెండు తప్పులకు ఎవరు మాత్రం అనుమానిస్తారు? కాని మూడు చిట్టాలు ఒకచోట పెట్టి చూడండి. ఒకే నిమిషంలో, మూడు ఊళ్లలో, ఒకే అడ్రసు, ఆరు తప్పులు! తెనాలి కాలేజీ కుర్రాడికి అదే నిమిషంలో బాపట్లలోనూ రేపల్లెలోనూ ఏం పని? విడివిడిగా కనబడనిది కలిపితే కనబడింది.

ఇలా చిట్టాలను పోగు చేసే పని ప్రపంచంలో పాతికేళ్లకు పైగా సాగుతోంది. 1997లో పాల్ విక్సీ అనే అమెరికన్ ఇంజనీరు, మిత్రుడు డేవ్ రాండ్‌తో కలిసి, స్పామ్ పంపే అడ్రసుల నల్లజాబితాను నడపడం మొదలుపెట్టారు. 1998లో స్పామ్‌హౌస్ పుట్టింది. 2000లో మొదలైన డీషీల్డ్ ఊరూరా సర్వర్లు పంపే చిట్టాలను కలిపి చూస్తుంది. ఎవరైనా నివేదికలు ఇవ్వగల ఎబ్యూజ్ ఐ.పి.డి.బి. వంటివి తర్వాత వచ్చాయి. కొందరు తేనెకుండలు కూడా పెడతారు. అంటే ఏ పనీ లేని, ఏ రహస్యమూ లేని ఉత్తుత్తి కంప్యూటరు. దానితో ఎవరికీ పని ఉండదు గనుక దాని తలుపు తట్టినవాడు అనుమానితుడే!

నల్లజాబితాను అడిగే పద్ధతి ముచ్చటగా ఉంటుంది. మెయిల్ రాగానే సర్వరు ఆ అడ్రసును తిరగేసి, 45.113.0.203 అని, జాబితా పేరు చేర్చి అడుగుతుంది. తిరగేయడం ఎందుకు? ఐ.పి. సంఖ్యలో పెద్దది ముందు, చిన్నది వెనక. ఇంటర్నెట్టు పేర్లలో, మనం కవరు మీద రాసే చిరునామాలో లాగే, చిన్నది ముందు, పెద్దది వెనక. అడ్రసు జాబితాలో ఉంటే 127తో మొదలయ్యే సంఖ్య ఒకటి జవాబుగా వస్తుంది. లేకపోతే "అలాంటి పేరు లేదు" అని వస్తుంది. అంతా సెకనులో చిన్న భాగం. 2013 మార్చిలో స్పామ్‌హౌస్ మీద కక్ష కట్టిన కొందరు సెకనుకు 300 గిగాబిట్ల వరదను దాని మీదికి వదిలారు. జాబితా వాళ్లను ఎంత బాధపెడుతోందో దీనిని బట్టి తెలుస్తుంది.

75 సెంట్ల తేడా

తలుపు మూయడానికి అడ్రసు చాలు. మనిషిని పట్టుకోవడానికి చాలదు. ఇది బాగా అర్థం కావాలంటే క్లిఫర్డ్ స్టోల్ కథ తెలియాలి.

స్టోల్ ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటర్ల విభాగంలో పనిచేస్తున్నాడు. అక్కడ కంప్యూటరు వాడిన సమయానికి డబ్బు కట్టాలి. ఒక నెల లెక్కలో 75 సెంట్లు తేడా వచ్చింది. ఇంకొకరైతే జేబులోంచి ముప్పావు డాలరు తీసి లెక్క సరిచేసి ఊరుకునేవారు. స్టోల్ ఊరుకోలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు లోపలికి వచ్చిపోతున్నాడని తేల్చాడు. వాడిని వెంటనే బయటికి నెట్టకుండా, ఆఫీసులో ఉన్న ప్రింటర్లన్నీ పోగుచేసి బయటి నుంచి వచ్చే తీగలకు తగిలించి, వాడు కొట్టిన ప్రతి అక్షరాన్నీ కాగితం మీద పట్టాడు.

వెంట నడిస్తే దారి ఎటెటో పోయింది. ఒక కంప్యూటరు నుంచి ఇంకొకటి, అక్కడి నుంచి మరొకటి. మధ్యలో కనబడిన ప్రతి అడ్రసూ ఇంకో బాధితుడిదే! చివరికి సముద్రం దాటి పశ్చిమ జర్మనీకి చేరింది. అక్కడి టెలిఫోను ఎక్స్చేంజిలో పాత స్విచ్చులు. లైను నడుస్తుండగానే మనుషులు దాని వెంట వెతకాలి. వాడేమో కాసేపు ఉండి వెళ్లిపోతాడు. స్టోల్ ఒక ఉపాయం పన్నాడు. లేని సైనిక పథకం పేరిట పెద్ద పెద్ద దొంగ దస్తావేజులు తయారుచేసి ఎరగా పెట్టాడు. వాడు ఆశగా అవన్నీ చదువుతూ కూర్చున్నాడు, లైను దొరికింది. హానోవర్ నగరంలోని మార్కుస్ హెస్. అమెరికన్ సైనిక కంప్యూటర్లలో దొరికింది దొరికినట్టు సోవియట్ గూఢచారులకు అమ్మిన ముఠాలో వాడొకడు. 1990లో శిక్ష పడింది.

మన హైదరాబాదు సంగతి చూడండి. 2022 జనవరిలో మహేశ్ సహకార బ్యాంకు సర్వరులోకి చొరబడి 12 కోట్ల రూపాయలకు పైగా దోచారు. పోలీసులు తేల్చిన ప్రకారం దాని విత్తనం 2021 నవంబరులోనే పడింది. బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా మోసపు మెయిళ్లు వచ్చాయి. వాటిని తెరిచిన ఉద్యోగులు ఇద్దరే. అది చాలింది. వాళ్ల కంప్యూటర్లలో దూరం నుంచి నడపగల దొంగ ప్రోగ్రాము కూర్చుంది. తర్వాత పోలీసులు ఐ.పి. అడ్రసులు తీస్తే విదేశాలలో తేలాయి. దొంగలు అడ్డుతెరగా వాడుకున్న యంత్రాలవి. అటువైపు దారి మూసుకుపోయింది. ఇటువైపు డబ్బు మళ్లించిన బ్యాంకు ఖాతాలు ఉన్నాయి. ఖాతాకు మనిషి ఉంటాడు, పేరు ఉంటుంది, ఫోటో ఉంటుంది. ఆ దారిని నడిచి 20 మందికి పైగా ఖాతాదారులను, దళారులను అరెస్టు చేశారు. అడ్రసు ఆగిన చోట రూపాయి దారి చూపింది.

ఏ గంటకు?

ముందు చెబుతానన్న సంగతికి వద్దాం. 2007లో బెంగుళూరులో ఒక యువ ఇంజనీరును పూనా పోలీసులు అరెస్టు చేశారు. శివాజీ మహారాజును అవమానించే బొమ్మ ఇంటర్నెట్టులో పెట్టాడని నేరం. ఆధారం ఒక ఐ.పి. అడ్రసు. ఆ సమయానికి ఆ అడ్రసు ఎవరి దగ్గర ఉందని ఇంటర్నెట్టు కంపెనీని అడిగితే ఇతని వివరాలు వచ్చాయి. ఆ వివరాలే తప్పు. బొమ్మతో అతనికి సంబంధమే లేదు. అయినా 50 రోజులు జైలులో గడిపాడు.

ఇంటి కనెక్షనుకు వచ్చే అడ్రసు అద్దె సైకిలు లాంటిది. పొద్దున ఒకరి దగ్గర, సాయంత్రం ఇంకొకరి దగ్గర. "సైకిలు ఎవరిది?" అని అడిగితే ప్రయోజనం లేదు, "ఫలానా గంటకు ఎవరి దగ్గర ఉంది?" అనే అడగాలి. ఇక ఆ గంట ఏ దేశపు గంట? చాలా సర్వర్లు అంతర్జాతీయ సమయం రాసుకుంటాయి. మన సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. చిట్టాలో మార్చి 3, రాత్రి 8.15 అని ఉంటే మనకది మార్చి 4, తెల్లవారుజాము 1.45. గంట మారింది, తేదీ కూడా మారింది! ఈ తేడా చూసుకోకపోతే ఒక ఇంటికి బదులు మరో ఇంటికి పోలీసులు వెళతారు. పైగా సెల్‌ఫోన్ అడ్రసు వందలమందిది అని చెప్పుకున్నాం కదా. అక్కడ గంటతో పాటు పోర్టు నంబరు కూడా కావాలి.

కంప్యూటర్ల మీద దాడులను చూసుకునే మన జాతీయ సంస్థ సెర్ట్-ఇన్ 2004లో మొదలైంది. అది 2022 ఏప్రిల్ 28న కంపెనీలకు, సర్వర్లు నడిపేవారికి ఉత్తర్వులిచ్చింది. దాడి తెలిసిన 6 గంటల్లో తమకు చెప్పాలి, చిట్టాలను 180 రోజులు దాచాలి. మూడో ఉత్తర్వు చదివినవారు కొందరు నవ్వుకున్నారు: అందరూ గడియారాలను జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో, లేదా జాతీయ ఇన్‌ఫర్మాటిక్స్ కేంద్రం సమయంతో సరిచూసుకోవాలి. బెంగుళూరు ఇంజనీరు కథ తెలిస్తే నవ్వు రాదు.

ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది?

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. ఖాతాల వెంట పోయే దారి చల్లారకముందే పట్టుకోవాలి గనుక. స్పామ్ మెయిల్ అయితే ముద్రలన్నీ ఉన్న పూర్తి పాఠం కావాలి. తెర మీది ఫోటో చాలదు. చొరబాటు ప్రయత్నమైతే అడ్రసు, సమయం, అది ఏ దేశపు సమయమో, చిట్టాలోని ఆ వరుసలు పంపాలి. "ఫలానా అడ్రసువాడు దొంగ" అని రాయకూడదు. "ఫలానా అడ్రసు నుంచి ఇన్ని గంటలకు ఇది వచ్చింది" అని రాయాలి. ఇవి రెండూ ఒకటి కావు. కక్షతో తప్పుడు ఫిర్యాదులు చేసేవారూ ఉంటారు. అందుకే మంచి జాబితాలు ఒక్కరి మాట మీద నడవవు. ఎందరు చెప్పారో, ఎంత కాలంగా చెబుతున్నారో చూస్తాయి. తప్పు సరిదిద్దుకున్న అడ్రసును తొలగిస్తాయి కూడా.

ఫిర్యాదు ఆ కంపెనీకి, దాని ద్వారా ఖాతాదారుకు చేరుతుంది. అప్పుడు ఆ ఇంట్లో తరచుగా కనబడేది ఏమిటో తెలుసా? హ్యాకరు కాదు, వాకిట్లో బిగించిన కెమెరా! 2016లో మిరాయి అనే దొంగ ప్రోగ్రాము ప్రపంచమంతా పాకింది. అది కెమెరాలను, రౌటర్లను వెతికి, తయారీదారు పెట్టిన పాస్‌వర్డులు సుమారు 60 జతలు వరసగా ప్రయత్నించేది. కొన్నవాళ్లు మార్చలేదు గనుక తలుపులు తెరుచుకున్నాయి. ఒక దశలో దాని గుప్పిట్లో 6 లక్షల పరికరాలు ఉన్నాయి. ఆ యంత్రాల మందతో 2016 అక్టోబరు 21న జరిపిన దాడికి అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి అందలేదు. మిరాయిని రాసిన ముగ్గురూ ఇరవై ఏళ్ల అటూ ఇటూ కుర్రవాళ్లు. 2017లో నేరం ఒప్పుకున్నారు.

మిరాయి పరికరం జ్ఞాపకంలో, అంటే కరెంటు పోతే చెరిగిపోయే భాగంలో ఉంటుంది. కెమెరా ఆపి మళ్లీ వేస్తే పోతుంది. యజమాని హమ్మయ్య అనుకుంటాడు. పాత పాస్‌వర్డు అలాగే ఉంటే, ఊరంతా తిరుగుతున్న మరో మిరాయి కొద్ది నిమిషాల్లోనే వచ్చి మళ్లీ కూర్చుంటుంది. అందుకని వరస ఇలా ఉండాలి: ముందు ఇంటర్నెట్టు తీగ పీకాలి, తర్వాత కెమెరాను ఆపి వేయాలి, పాస్‌వర్డు మార్చాలి, ఆ తర్వాతే తీగ తగిలించాలి.